కాళ్ళ కోసం పుట్టిన చైన్‌కి మోటార్ తగిలిస్తే

ఇవాళ ముందు ఒక సౌండ్ వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

(వీడియోలో చైన్ చప్పుడు)

కర్, కర్, కర్... టక్. మళ్ళీ కర్, కర్, కర్... టక్. విన్నారా? ఇది నా ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో తీసిన క్లిప్ ఇది. ఈ చప్పుడుకి మూడు వారాల పాటు నేను చేసిన వైద్యం ఒక్కటే, ఆయిల్ స్ప్రే కొట్టడం. కొట్టిన రోజు నిశ్శబ్దం. రెండో రైడ్‌కి మళ్ళీ మొదలు. సర్వర్ పడిపోతుంటే లాగ్స్ చదవకుండా రీస్టార్ట్ చేస్తూ కూర్చున్నట్టు అన్నమాట. ఆఫీసులో జూనియర్ ఎవడైనా ఇదే పని చేస్తే క్లాస్ పీకేవాణ్ణి.

నాలుగో వారం ఒక ఎత్తు ఎక్కుతుండగా చైన్ పళ్ళ మీద నుంచి జారింది. కాలు గాల్లోకి పోయింది, మోకాలు వెళ్ళి హ్యాండిల్‌కి తగిలింది. పక్కన లోయ లేదు కాబట్టి ఈ ఎపిసోడ్ నేనే చేస్తున్నా.

ఆ రాత్రి క్లిప్ మా నాన్నకి పంపించా. ఆయన తెనాలిలో ముప్పై ఏళ్ళు హెర్క్యులిస్ సైకిల్ మీద బడికి వెళ్ళొచ్చిన మాస్టారు. ఎలక్ట్రిక్ బైక్ ఆయన జన్మలో తొక్కలేదు. ఫోన్ చేసి ఒకటే అడిగారు. "తొక్కడం ఆపి బండిని వదిలేస్తే చప్పుడు ఉందా, పోతోందా?" పోతోంది అన్నా. "అయితే చక్రంలో లేదురా. చైన్‌లోనో, పెడల్ దగ్గరో ఉంది. ఆ టక్ ఎన్ని రౌండ్లకి ఒకసారి వస్తోందో లెక్కపెట్టు."

లెక్కపెట్టా. పెడల్ మూడున్నర రౌండ్లు తిరిగితే ఒక టక్. నా బండి ముందు పళ్ళ చక్రానికి 34 పళ్ళు, చైన్‌కి 118 లింకులు. 118ని 34తో భాగిస్తే దాదాపు మూడున్నర! అంటే చైన్ మొత్తం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక టక్. ఏదో ఒక్క లింకు బిగుసుకుపోయింది. ప్రతి రౌండ్‌కీ ఒకసారి వచ్చి ఉంటే క్రాంక్‌నో పెడల్‌నో అనుమానించాలి. చేత్తో వెనక్కి తిప్పుతూ చూస్తే ఆ లింకు దొరికింది. పక్కలకి అటూ ఇటూ మెల్లగా వంచితే వదులైంది. టక్ పోయింది.

కర్ కర్ మాత్రం పోలేదు. దాని కోసం మనం 1880కి వెళ్ళాలి.

అంతకుముందు సైకిల్ ఎలా ఉండేదో బొమ్మల్లో చూసే ఉంటారు. ముందు చక్రం మనిషంత ఎత్తు, వెనక చక్రం బుడ్డది. అంత పెద్ద చక్రం స్టైల్ కోసం కాదు. పెడల్ నేరుగా ముందు చక్రానికే ఉండేది, ఒక రౌండ్ తొక్కితే చక్రం ఒక్క రౌండే తిరిగేది. స్పీడ్ కావాలంటే చక్రం పెంచడమే దారి. రాయి తగిలితే మనిషి ముందుకి పల్టీ కొట్టి తల మీద పడేవాడు. మనిషిని కిందికి దించాలంటే పెడల్‌ని చక్రం నుంచి విడదీసి మధ్యలో చైన్ పెట్టాలి. 1879లో హ్యారీ లాసన్ వెనక చక్రానికి చైన్ పెట్టిన బండి చేశాడు. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ సేఫ్టీ సైకిల్ అసలు హిట్. ఇవాళ్టి సైకిల్ ఆకారం దాదాపు అదే.

ఆ రెండిటి మధ్యలో జరిగిన పనే మన కథకి ముఖ్యం. హాన్స్ రెనోల్డ్ అని ఒక స్విస్ ఇంజినీర్. 1873లో మాంచెస్టర్ వచ్చాడు, 1879లో పక్కనే ఉన్న సాల్ఫోర్డ్‌లో జేమ్స్ స్లేటర్ దగ్గర చిన్న చైన్ల వ్యాపారం కొన్నాడు. బట్టల మిల్లు మెషీన్లకి వాడే చైన్లు అవి. స్లేటర్ చైన్‌లో పిన్ను నేరుగా పలచటి ప్లేటు రంధ్రంలో తిరిగేది. బరువంతా ప్లేటు అంచు మీదే, తొందరగా అరిగేది. రెనోల్డ్ ఏం చేశాడంటే, పిన్ను చుట్టూ ఒక గొట్టం పెట్టాడు. దాన్నే బుష్ అంటాం. ఇప్పుడు బరువు గొట్టం పొడవునా పరుచుకుంటుంది. గొట్టం చుట్టూ దొర్లే రోలర్ పళ్ళకి తగులుతుంది కాబట్టి పళ్ళ మీద రాపిడి తగ్గుతుంది. 1880లో పేటెంట్ తీసుకున్నాడు. మీ స్కూటీ కాకపోయినా మీ బైక్‌లో, మీ సైకిల్‌లో ఉన్నది ఆ ఐడియానే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. రెనోల్డ్ అరుగుదలని మాయం చేయలేదు, పళ్ళ మీద నుంచి చైన్ లోపలికి, కంటికి కనపడని చోటికి పంపాడు. అందుకే చైన్ పైకి మెరుస్తూ ఉంటుంది, లోపల అరిగిపోయి ఉంటుంది. "చైన్ సాగింది" అంటాం కదా, ప్లేట్లేమీ సాగవు. ప్రతి కీలూ కొంచెం కొంచెం లూజై, అదంతా కలిసి పొడవు అవుతుంది.

సరే, ఈ చైన్ కాళ్ళ కోసం పాపులర్ అయింది. దానికి మోటార్ తగిలిస్తే ఏమవుతుందో మొదట్లోనే గట్టిగా తెలుసుకున్నవాళ్ళు సైకిల్ షాపు నడిపిన ఇద్దరు అన్నదమ్ములు. అవును, రైట్ బ్రదర్స్. వాళ్ళ విమానంలో సుమారు 12 హార్స్‌పవర్ ఇంజన్ ఒకటి, ప్రొపెల్లర్లు రెండు. ఇంజన్ నుంచి ప్రొపెల్లర్లకి పవర్ వెళ్ళింది చైన్ల మీదే! రెండూ ఎదురెదురు దిక్కుల్లో తిరగాలి కాబట్టి ఒక చైన్‌ని ఎనిమిది అంకెలా మెలిపెట్టారు. కొట్టుకోకుండా గొట్టాల్లోంచి నడిపారు. 1903 నవంబర్‌లో కిట్టీ హాక్ దగ్గర ఇంజన్ ఆన్ చేస్తే, దాని కుదుపులకి చైన్ పళ్ళ చక్రాలు షాఫ్ట్ మీద లూజైపోయాయి, షాఫ్ట్‌లు దెబ్బతిన్నాయి. ఎంత బిగించినా నిలవలేదు. చివరికి సైకిల్ టైర్లు అంటించే సిమెంట్ కరిగించి పోశారు. చక్రాలు నిలిచాయి. తర్వాత షాఫ్ట్ పగిలింది. ఆర్విల్ రైలెక్కి డేటన్ వెళ్ళి గట్టి ఉక్కు షాఫ్ట్‌లు చేసుకొచ్చాడు. డిసెంబర్ 17న ఎగిరారు. కాలు మెత్తగా తోస్తుంది, ఇంజన్ కొడుతుంది. ఆ తేడా అది.

చిన్న పక్కదారి. ఆ చైన్లు ఇండియానాపోలిస్ నుంచి వచ్చాయి, ఆ కంపెనీయే తర్వాత డైమండ్ చైన్. 1960లో దానితో కలిసి చెన్నై అంబత్తూర్‌లో టీఐ డైమండ్ చైన్ మొదలైంది. మన మెకానిక్‌లు "డైమండ్ వెయ్యమంటారా?" అని అడిగే డైమండ్ అదే.

మళ్ళీ నా బండి. మామూలు మనిషి కాళ్ళు ఎక్కువసేపు ఇచ్చే పవర్ 100, 150 వాట్ల లోపే. నా బండి మోటార్ పెడల్స్ దగ్గర ఉంటుంది, పేరుకి 250 వాట్లు, ఎత్తు మీద అంతకు చాలా ఎక్కువ ఇస్తుంది. అదీ, నా కాళ్ళ బలమూ కలిసి ఒక్క చైన్ మీదే పడతాయి. వెనక చక్రంలోనే మోటార్ ఉండే బండ్లకి ఈ బాధ లేదు. పైగా వెనక 12 గేర్లు ఇరికించాలి కాబట్టి చైన్ బయటి వెడల్పు 5.3 మిల్లీమీటర్ల దగ్గరికి తగ్గిపోయింది. రెనోల్డ్ పెట్టిన విడి గొట్టం కూడా లేదు, లోపలి ప్లేటు రంధ్రం అంచునే కాలర్‌లా ఒత్తి సరిపెట్టారు. గేర్లు మార్చాలంటే చైన్ పక్కలకి వంగాలి మరి. నాన్న హెర్క్యులిస్‌కి నిండా చైన్ కవర్ ఉండేది. గేర్ల బండికి కవర్ కుదరదు. టూర్ డి ఫ్రాన్స్‌లో 1937 దాకా ఇలాంటి గేర్లని రానివ్వనే లేదు. ఇప్పుడు చైన్ సన్నం, బట్టల్లేకుండా మట్టిలో, దాని మీద మోటార్.

ఆ మట్టి మీద నేను ఆయిల్ కొట్టా. ఆయిల్, అనంతగిరి ఎర్రమట్టి కలిస్తే ఏమవుతుంది? నూరుడు ముద్ద. చప్పుడు తగ్గిన ప్రతిసారీ లోపల అరుగుదల పెరిగింది.

నాన్న రెండో ప్రశ్న, "స్కేలు పెట్టావా?" సైకిల్ చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం. కొత్త చైన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు పెరిగితే 12 గేర్ల చైన్ మార్చేయాలి. నాది ఎనిమిదో వంతు పెరిగింది. కీలుకి సగటున 0.13 మిల్లీమీటర్లు, అంతే! అది చాలు, రోలర్ పళ్ళ మధ్యలో కూర్చోకుండా పైకెక్కి రుద్దుకుంటుంది. కర్ కర్ అదే. నేను పడబోయింది కూడా అందుకే.

అప్పటికే వెనక పళ్ళ సెట్టు కూడా అరిగింది. కొత్త చైన్ ఒక్కటే వేసి చూశా, జారింది. రెండూ మార్చాను. చైన్ కంటే ఆ సెట్టే బాగా ఖరీదు. పదహారో వంతు దగ్గర ఆగి ఉంటే చైన్ డబ్బుతో పోయేది.

ఇప్పుడు చేసేది ఇది. బ్యాటరీ తీసేసి, చైన్ తుడిచి, ఆరాక, రోలర్‌కి ఒక చుక్క చొప్పున చైన్ లూబ్. కాసేపాగి పైదంతా తుడిచేయడం. చప్పుడు చేసేదీ అరిగేదీ లోపలే కాబట్టి పైన తడి ఉంటే మట్టి పట్టడానికి తప్ప పనికిరాదు. హై ప్రెషర్ వాటర్ కొట్టకండి. గేర్ మార్చేటప్పుడు కాలు కొంచెం తేలిక చేయండి.

మొన్న తెనాలి వెళ్ళినప్పుడు హెర్క్యులిస్ కవర్ విప్పి స్కేలు పెట్టా. లోపల నల్లటి గ్రీజు, కానీ పొడవు పదహారో వంతు కూడా పెరగలేదు. నాన్న గుమ్మంలో నిలబడి, "మార్చాలా?" అన్నారు. అక్కర్లేదు నాన్నా అన్నా. "తెలుసు" అని లోపలికి వెళ్ళిపోయారు.

మీ బండి చప్పుడు ఎన్ని రౌండ్లకి ఒకసారి వస్తోందో లెక్కపెట్టి కామెంట్‌లో పెట్టండి, చూస్తాను.