గుమాస్తా పేరుగల పాములవేటగాడు

పాముల్ని చంపే పక్షి అనగానే మనకు గరుత్మంతుడే గుర్తొస్తాడు. ఆకాశంలోంచి రివ్వున దిగి, పామును గోళ్ళతో తన్నుకుపోయే దృశ్యం కళ్ళకు కడుతుంది. కానీ ఆఫ్రికాలో, సహారా ఎడారికి దిగువనున్న పచ్చికబయళ్ళలో, ఇంకోరకం గద్దజాతి పక్షి ఉంది. అది వేటకు ఎగరదు. చక్కగా నడిచివెళ్తుంది. ఒక్కోరోజు 20 కిలోమీటర్లకు పైగానే నడుస్తుందిట!

దాని పేరు సెక్రటరీ పక్షి. నాలుగడుగుల పైచిలుకు ఎత్తు, కొంగ కాళ్ళలాంటి కాళ్ళు, మోకాళ్ళదాకా నల్లలాగు తొడిగినట్టు ఈకలు. మొహం నారింజ రంగు. ఇక ఆ కనురెప్పల వెంట్రుకలు చూస్తే మన సినిమాతారలు కూడా కుళ్ళుకోవలసిందే.

మరి పాములవేటగాడికి ఆఫీసు ఉద్యోగం పేరెందుకు వచ్చింది? తలవెనక వేలాడే పొడుగు ఈకలు, చెవిమీద కలాలు దోపుకున్న పాతకాలపు గుమాస్తాను తలపిస్తాయని చాలా పుస్తకాలు చెబుతాయి. కాదు, వేటాడే పక్షి అనే అర్థంగల అరబ్బీ మాట ఫ్రెంచివాళ్ళ నోట పడి ఇలా మారిందని మరికొందరి వాదం. నాకు నచ్చింది మాత్రం మూడోది. హాలెండులో ఆరెంజ్ ప్రభువుగారి జంతుశాలను చూసే ఆర్నౌట్ వోస్మార్ అనే ఆయన, దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతం నుంచి వచ్చిన ఈ పక్షి గురించి 1769లో రాశాడు. అక్కడి డచ్చివాళ్ళు దీన్ని ‘సాజిటేరియస్’ అనేవారట. అంటే విలుకాడు, వారఫలాల్లో మన ధనూరాశికి ఇంగ్లీషువాళ్ళ పేరు అదే. బాణం వేయబోయేవాడిలా అడుగులు వేస్తుందని ఆ పేరు. పల్లె రైతుల నోట్లో అదే ‘సెక్రటేరియస్’ అయివుంటుందని ఆయన ఊహ. పేర్లు అలా అరిగిపోవడం మనకు మాత్రం కొత్తా?

ఆ రైతులు దీన్ని మచ్చిక చేసుకుని ఇంటి చుట్టూ తిరగనిచ్చేవారని కూడా వోస్మార్ రాశాడు. పురుగూ పుట్రా ఏరుకు తింటుందని. 1780లలో అక్కడ తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు ల వయ్యాన్ ఒక పక్షిని చంపి కడుపు కోసి చూస్తే, పాములతోపాటు బల్లులూ, చిన్న తాబేళ్ళూ, మిడతలూ బయటపడ్డాయి. నిజానికి దాని రోజువారీ భోజనం మిడతలూ, ఎలుకలే. పాము పండగవంట అనుకోండి.

కానీ ఆ పండగనాడు చూడాలి దాని ప్రతాపం! రెక్కలు విప్పి అటూఇటూ గెంతుతూ, పడగమీద కాలితో తంతుంది. పాము కాటేసినా కాలిమీది గట్టి పొలుసులే తగలాలి. 2016లో శాస్త్రజ్ఞులు ఇంగ్లండులో పెంపుడు పక్షి మేడలీన్ ముందు రబ్బరుపామును లాగి, ఆ దెబ్బను కొలిచారు. తన బరువుకు ఐదింతల బలం! కాలు పాముకు తగిలివున్న సమయం సెకనులో వెయ్యోవంతులు 15. మనం ఒకసారి కన్నుమూసి తెరిచేలోగా అలాంటివి పది వేయొచ్చు.

ఇంటిదగ్గర మాత్రం సాధుజీవి. ఆలుమగలు కలిసే ఉంటారు. ముళ్ళ తుమ్మచెట్టు నెత్తిన పుల్లల మంచెలాంటి గూడు కట్టి, రెండో మూడో గుడ్లు పెట్టి, నెలాపదిహేను రోజులు పొదుగుతారు. తిన్నది కక్కి పిల్లల నోట పెట్టే పని ఇద్దరిదీ. తిండి చాలకపోతే అన్నిటికన్నా చిన్న పిల్ల చచ్చిపోతుంది. అది చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది.

మనుషులు దీనికి మర్యాదలు బాగానే చేశారు. సూడాన్ 1970లో తన రాజముద్రలో ఖడ్గమృగాన్ని తీసేసి దీన్ని పెట్టుకుంది. దక్షిణాఫ్రికా 2000 సంవత్సరం ఏప్రిల్ 27న విడుదల చేసిన కొత్త రాజముద్రలో రెక్కలు పైకెత్తి నిలబడింది ఇదే. ముద్రల్లో దర్జాగా ఉన్నా, బయళ్ళలో మాత్రం తగ్గిపోతోంది. పచ్చిక దున్ని పొలాలు చేశారు. కొన్నిచోట్ల పొదలు కమ్ముకుని నడవడానికి దారే లేదు. కరెంటు తీగలకు, ముళ్ళకంచెలకు తగులుకుని చచ్చేవి కొన్ని. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. పాము కాటును కాచుకోగల ఆ కాళ్ళు, పగలంతా పొలాల గట్లమీదా, కంచెల పక్కనా గడ్డి వెతుక్కుంటూ నడుస్తున్నాయి.