బండి లేని నల్లేరు

ఎన్నికలొస్తే చాలు, తెలుగు పత్రికల్లో నల్లేరు మొలుస్తుంది. ఫలానా ఆయన గెలుపు నల్లేరుపై నడకేనని ఒకరు, కానే కాదని మరొకరు. అసలు నానుడి ‘నల్లేరు మీద బండి నడక’. శీర్షికలో చోటు చాలకో, ఊళ్లలో ఎడ్లబండ్లు తగ్గిపోవడం వల్లో మధ్యలో బండి జారిపోయింది. దాంతో అర్థానికి ఆధారమూ పోయింది.

నల్లేరు మెట్ట ఊళ్లలో కంచెలకు, ముళ్లపొదలకు అల్లుకునే తీగ. నాలుగు పలకల కాడ, కణుపు దగ్గర పుటుక్కున విరుగుతుంది, లోపలంతా నీరే. దారికి అడ్డంగా పాకినా ఇనుప పట్టా వేసిన చక్రం కింద ఇట్టే నలిగిపోతుంది, ఎడ్లకు బరువే తెలియదు. వానాకాలం రేగడిలో ఇరుసు దాకా దిగబడ్డ బండికి భుజం పెట్టినవాళ్లు పుట్టించిన మాటేమో ఇది. మనిషి నడకకైతే అంత బాగా అతకదు. నల్లేరు రసం తగిలితే దురద. పచ్చడికి లేత కణుపులు వలిచే ఇల్లాలు ముందు చేతులకు నూనె రాసుకుంటుంది.

తేలికను చెప్పే మన మాటల్లో చాలావాటి వెనక ఇలా ఎవరో పడ్డ కష్టం ఉంటుంది. ‘ఆ లెక్కలు వాడికి కొట్టిన పిండి’ అంటాం. పిండిమరలు రాకముందు ఆ పిండి కొట్టింది ఆడవాళ్లు. సంక్రాంతి అరిసెలకు తడిబియ్యం రోట్లో పోసి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకలి పోటు వేసేవారు. ఆ శ్రమ మరిచిపోవడానికే దంపుళ్ల పాటలు. నానుడిలో మాత్రం దంచిన చేతులు లేవు, పని అయిపోయిన పిండి ఒక్కటే ఉంది. బాగా తెలిసినదని మొదలైన అర్థం క్రమంగా సులువైనదనే వైపు ఒరిగింది. కరతలామలకానిదీ అదే దారి. అరచేతిలో ఉసిరికాయంత స్పష్టం అని సంస్కృతం చెబితే, మనం దాన్ని ఆరితేరిన విద్యకు వాడుకున్నాం.

అరటిపండు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. 14వ శతాబ్ది తొలినాళ్లలో ఓరుగల్లు ప్రతాపరుద్రుని కొలువులో విద్యానాథుడు రాసిన ‘ప్రతాపరుద్రీయం’ కవిత్వంలో ద్రాక్షాపాకం, నారికేళపాకం గురించి చెప్పింది. నోట్లో వేసుకుంటే చాలు రసమూరేది మొదటిది, పగలగొట్టాల్సింది రెండోది. ఈ రెంటి నడుమ కదళీపాకాన్నీ మనవాళ్లు లెక్కిస్తారు. అంటే పండితుల దృష్టిలో అరటిపండు పూర్తిగా సులువేమీ కాదు, తొక్క తీసే పని ఒకటుంది. జనం ఆ పనిని పంతులుగారి మీదికి నెట్టేశారు. పాఠం బాగా చెబితే ‘అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు’ అన్నారు. ఈ మాటల్లో ఒలిచినవాడికీ చోటు దక్కింది ఇక్కడే. అందుకే నాకిది మిగతావాటికంటే ఇష్టం.

‘మంచినీళ్ల ప్రాయం’లో మాత్రం ఎవరి కష్టమూ కనిపించదు. చేద వేస్తే తియ్యటి నీళ్లు అందే ఊరి మాటలా ఉంటుందది. తెలుగునేలంతా అలాంటి ఊళ్లు కావు. నెల్లూరు జిల్లా బావినీళ్లలోని ఫ్లోరైడు మనుషుల ఎముకలను బిగదీసేస్తోందని వైద్య పరిశోధకులు 1937లోనే ప్రకటించారు. తర్వాత నల్గొండ పల్లెల్లోనూ అదే జబ్బు బయటపడింది. అక్కడ చాలాకాలం పాటు మంచినీళ్లంటే దూరం నుంచి మోసుకొచ్చుకున్నవో, డబ్బిచ్చి కొనుక్కున్నవో.