నరసాపురము లేసు పుట్టుపూర్వోత్తరములు

2024వ సంవత్సరమున నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు లభించిన నాటినుండి, గోదావరి వశిష్ఠపాయ గట్టు మీదనైనను సఖినేటిపల్లి రేవులోనైనను నలుగురు పెద్దలు కూడినచోటనెల్ల ఈ విద్య మన గడ్డకు ఎవరు తెచ్చిరి, ఎన్నడు తెచ్చిరి అను వివాదమే వినవచ్చుచున్నది.

1844లో మెక్‌రే అను స్కాట్లండు దంపతులు దీనిని నేర్పిరని పత్రికలవారు ఒకరిని జూచి యొకరు వ్రాయుచున్నారు. వారిలో కొందరు ఆ దంపతులను దుమ్ముగూడెమున నిలిపి, మన లేసు గోదావరి వెంట అచటినుండి దిగివచ్చినదని చెప్పుదురు. దుమ్ముగూడెమునకు తనదైన లేసు చరిత్ర కలదు. దానిని నేను కాదనను. కాని మన యింటి దీపమును పొరుగూరి వత్తితో వెలిగించిన ట్లుండు ఈ కథ నాకు సమ్మతము గాదు. బౌడను, బీరు అను మతబోధకులు 1836లోనే ఇంగ్లండునుండి వచ్చి ఈ డెల్టాలో స్థిరపడియుండగా, నరసాపురమునకు ఈ విద్య ఎగువనుండియే రావలసిన అగత్యమేమి?

ఇక 1844 అను అంకెను గూర్చి. మన లేసునకు ఆధారమైన కొక్కెపు సూది అల్లిక పద్ధతి ఐరోపాలోనే ఆ దశాబ్దమున గాని జనబాహుళ్యమునకు అలవడలేదు. ఐర్లండున 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి కరవు ముంచుకొనివచ్చిన పిమ్మటనే పేదయింటి స్త్రీలు ఈ పనిని జీవనోపాధిగా చేపట్టిరి. అక్కడనే అంత క్రొత్తదైన పని, ఆవియోడలు విరివిగా లేని ఆ దినములలో, అంతకు ముందే మన రేవు జేరెననుట విశ్వసింపదగినది గాదు. 1844లో వచ్చినది మరియొక సూదిపని యైయుండునని, నేటి అల్లిక అటుతరువాత క్రమముగా స్థిరపడినదని నా నిశ్చితాభిప్రాయము.

అయినను ఎవరు నేర్పిరను ప్రశ్నకంటె ఎవరు నిలిపిరను ప్రశ్న పెద్దది. మొదట క్రైస్తవమతము పుచ్చుకొన్న పేదకుటుంబముల స్త్రీలు, పిదప గడపదాటి పనికి పోరాని ఘోషాకుటుంబముల కాపు స్త్రీలు దీనిని తమ చేతులలో నిలిపిరి. రుస్తుంబాదలో ఏ అరుగు మీదనైనను చూడుడు: ఎడమచేతి చూపుడువ్రేలికి దారము చుట్టి, కుడిచేతి కొక్కెముతో ముడివెంట ముడి లాగుచు, నడిమి వలయముచుట్టు రేకు మీద రేకు పేర్చి, తెల్లదారమునకు చెమటమరక తగులనీయక ఆ యమ్మలు గులాబి నల్లుదురు. పువ్వులల్లునది యొకతె, వానిని కలిపి అతుకుపని చేయునది వేరొకతె, పిమ్మట ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీచేసి ఓడ కెక్కించువాడు వర్తకుడు. దారమిచ్చి పని తీసికొనిపోవు ఏజెంటు చెప్పినదే కూలి. తా నల్లిన పువ్వు ఏ బల్లగుడ్డలో చేరినదో, ఆ గుడ్డ ఏ ధర పలికినదో ఆ పువ్వల్లిన యామెకు తెలియదు.

మారియా మీస్ అను జర్మను విదుషీమణి 1982లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతినే చాటినది. దినమెల్ల శ్రమించు స్త్రీలను తీరికవేళ కాలక్షేపము చేయు గృహిణులుగా లెక్కించుట వలననే వారి కూలి అంత నికృష్టముగా నుండెనని ఆమె సిద్ధాంతము. ఊరి పరువు తీసినదని మన పెద్దలు కొందరు ఆ గ్రంథమును నిందింతురు. నేనట్లనుకొనను. మన పరువు తీసినది ఆ గ్రంథము గాదు, ఆ కూలి.

ఈ పనివలన ధనార్జన యెట్లని అడుగు యువతులకు నే చెప్పునది యిది: పువ్వుతో ఆగక అతుకుపనియు నేర్వుడు, పదిమంది కలిసి దారము స్వయముగా కొనుడు, మేజాబల్లపై పరచు గుడ్డ మొదలు చంటిబిడ్డ టోపీ వరకు పూర్తియైన వస్తువునే అమ్ముడు, ఒక్కొక్క దానికి పట్టిన గంటలు వ్రాసిపెట్టుకొని, దారపు ఖరీదుతోపాటు ఆ గంటల కూలిని ధరలో చేర్చుడు. యంత్రపు లేసుతో వెలలో పోటీపడుట వ్యర్థము. చేతిపని అని తెలిసి కొనువారినే వెదకవలెను. సీతారామపురము వైపున వెలసిన లేసు వాణిజ్య కేంద్రము, అలంకృతి పేరిట ఏర్పడిన సహకార సంఘములు ఇందు కుపకరింపవలసినవే.

1999నాటి భౌగోళిక గుర్తింపు చట్టము ననుసరించి, అట్టి గుర్తింపుపొందిన వస్తువును తయారుచేయు ప్రతివారును అధీకృత వినియోగదారులుగా తమ పేరు నమోదు చేయించుకొనవచ్చును. ఆ పట్టికలో వర్తకుల పేర్లతోపాటు అల్లినవారి పేర్లును ఎక్కవలెను గనుక, మన పేటలలో చదువుకొన్న పిల్లలు తమ తల్లులకు, అమ్మమ్మలకు ఆ దరఖాస్తులు నింపియిచ్చుటకు పూనుకొందురు గాక.