పాటలో వైరిసమాసం – 'మొహీనేర్ ఘోడాగులి'

జానపదమనగానే పాతబడిన పాట అనుకొనే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. కర్త ఎవరో తెలియని పల్లెపాటను సేకరించి అచ్చువేస్తే మన బాధ్యత తీరినట్లే భావిస్తాము. 1970ల నడుమ కలకత్తాలో ఏడుగురు యువకులు మరొక దారి పట్టారు. బావుల్ గాయకుల బాణీని తీసుకొని తమ నగరాన్ని గూర్చి పాడుకొన్నారు. ఆ బృందమే 'మొహీనేర్ ఘోడాగులి'.

వీరిలో ముఖ్యుడు గౌతమ్ చట్టోపాధ్యాయ. మొదట పార్క్ స్ట్రీట్‌లో పాశ్చాత్య సంగీతం వాయించినవాడు. నక్సల్బరీ ఉద్యమంలోకి వెళ్ళి, జైలు చూసి, విడుదలైన పిమ్మట కొంతకాలం బెంగాలుకు దూరంగా జబల్పూరు, భోపాలులలో ఉన్నాడు. తిరిగివచ్చాక 1975 ప్రాంతంలో తమ్ముళ్ళు ప్రదీప్, విశ్వనాథ్‌లతో, రంజన్ ఘోషాల్, తాపస్ దాస్, తపేశ్ బంద్యోపాధ్యాయ, అబ్రహాం మజుందార్‌లతో కలిసి మేళం కట్టాడు.

తొలుత పెట్టుకొన్న పేర్లలో 'సప్తర్షి' ఒకటి. తరువాత రంజన్ ఘోషాల్ సూచనపై, జీవనానంద దాస్ 'ఘోడా' అనే కవితనుండి 'మహీనుని గుర్రాలు' అనే అర్థం గల పేరును గ్రహించారు. 1948లో ఆ కవిత వెలువడిన సంపుటి పేరు 'సాత్‌టి తారార్ తిమిర్', అనగా ఏడు తారల తిమిరం. సప్తర్షులు విడిచిన ఏడు సంఖ్య ఈ విధంగా మళ్ళీ వారిని చేరడం నాకెంతో ముచ్చట గొలిపింది.

వారి మొదటి రికార్డు 1977లో వచ్చింది. పేరు 'సంవిగ్న పాఖికుల్ ఓ కల్‌కాతా విషయక్'. కలత చెందిన పక్షులను గూర్చి, కలకత్తాను గూర్చి అని భావం. 'పాఖి' తద్భవం, 'సంవిగ్న', 'కుల' తత్సమాలు. మన వ్యాకరణం ఇటువంటి కూర్పును వైరిసమాసమని త్రోసిపుచ్చుతుంది. వీరి సంగీతం కూడ సరిగా ఇటువంటిదే. బావుల్ పాట ప్రక్కన గిటారు, సాక్సోఫోను, వయొలిను, పియానో చేరాయి. దానికి 'బావుల్ జాజ్' అని పేరు పెట్టారు. 1978లో 'అజానా ఉడంత వస్తు', 1979లో 'దృశ్యమాన్' వెలువడ్డాయి.

రవీంద్రసంగీతానికి, సినిమాపాటకు అలవాటుపడిన శ్రోతలు ఈ కూర్పును అంతగా ఆదరించలేదు. 1981లో బృందం చెదిరిపోయింది. గౌతమ్ సినిమా వైపు మళ్ళాడు. 1983 నాటి ఆయన చిత్రం 'నాగమతి' ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది.

1995లో 'ఆబార్ బఛర్ కుడి పరే' అనే పాటల సంకలనంతో ఆ పేరు తిరిగి వినబడింది. 'మళ్ళీ ఇరవై ఏళ్ళ తరువాత' అని దాని అర్థం. ఈ శీర్షికకూ జీవనానందుని కవితయే మూలం. ఇందులో కొత్త తరం గాయకులకూ చోటిచ్చారు. ఇందలి 'పృథివీటా నాకి' పాట ప్రపంచాన్ని పెట్టెలోకి కుదించిన టెలివిజన్‌ను గూర్చినది. దాని బాణీయే 2006లో 'గ్యాంగ్‌స్టర్' అనే హిందీ చిత్రంలో 'భీగీ భీగీ'గా దేశమంతటా మ్రోగింది. ఆ పేరుప్రఖ్యాతులను చూడడానికి గౌతమ్ లేడు. 1999లోనే మరణించాడు.

మన బైరాగుల తత్వాలు కూడ ఏక్‌తారపైనే ఊరూరా తిరిగాయి. ఆ తత్వాలను పాఠ్యాంశాలుగా పిల్లలచేత కంఠస్థం చేయించిన తరంవాడిని. కంఠస్థం వలన పాట నిలుస్తుంది. దానిలో తమ ఊరిని, తమ కష్టాన్ని చెప్పుకొనే స్వేచ్ఛ ఉంటేనే పాట పెరుగుతుంది. వైరిసమాసం పరీక్షలో తప్పే కావచ్చు. పాటలో మాత్రం అది తప్పు కాదని ఆ ఏడుగురూ నిరూపించారు.