పసిపిల్లల జబ్బుల్లో ప్రమాద సూచనలు

జబ్బుపడిన పసిబిడ్డను ఇక ఇంట్లో ఉంచకూడదని, వెంటనే వైద్యుడికి చూపించాలని తెలిపే లక్షణాలను ప్రమాద సూచనలు అంటారు. ఇవి రోగం పేరు చెప్పవు. ఆయాసపడుతున్న బిడ్డకు వచ్చింది నిమోనియానా, రక్తానికి పాకిన ఇన్ఫెక్షనా, పుట్టుకతో వచ్చిన గుండె జబ్బా అన్నది పరీక్షలు చేసి డాక్టర్లు తేల్చవలసిన సంగతి. ఇంట్లో తేల్చుకోవలసింది తెల్లారేదాకా ఆగవచ్చా, ఆగకూడదా అన్నది మాత్రమే. ఈ రెండు ప్రశ్నలూ కలగలిసిన చోటే కాలం వృథా అవుతుంది. దిష్టి తగిలిందా, చలిగాలి సోకిందా, బాలింత తిన్న కూర పడలేదా అని ఇంటిల్లిపాదీ కారణం వెతుకుతుండగానే రాత్రి గడిచిపోతుంది. కారణం తెలియకపోయినా సరైన నిర్ణయం తీసుకోవచ్చు. అందుకు చూడవలసిన గుర్తులు కొద్దివే. అయితే బిడ్డ ఎంత చిన్నదైతే ఆగే గడువును అంతగా తగ్గించుకోవాలి.

వయసుకు ఇంత ప్రాధాన్యం ఎందుకో లెక్కలు చూస్తే తెలుస్తుంది. భారత ప్రభుత్వ నమూనా నమోదు విధానం ప్రకారం 2020లో సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 28 మంది ఏడాది నిండకుండానే చనిపోయారు. వారిలో 20 మంది మొదటి నెల దాటలేదు. ఆ వయసులో రోగనిరోధక శక్తి ఇంకా కుదురుకోదు కనుక ఇన్ఫెక్షన్ గంటల వ్యవధిలో రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకగలదు. పైగా జబ్బు తన అసలు రూపం చూపదు. పెద్దపిల్లలకు నిమోనియా వస్తే దగ్గు, జ్వరం కనిపిస్తాయి. పది రోజుల బిడ్డకు దగ్గే రాకపోవచ్చు, ఒళ్లు కాలడానికి బదులు చల్లబడవచ్చు. నిమోనియా అయినా, మెనింజైటిస్ అయినా, రక్తంలో చక్కెర పడిపోయినా పైకి కనిపించేది చాలాసార్లు ఒకటే: పాలు తాగదు, మందంగా పడి ఉంటుంది.

ఏ గుర్తులను నమ్మవచ్చో తేల్చడానికి భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, ఘనా, దక్షిణాఫ్రికా, బొలీవియాలలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2008లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఆస్పత్రులకు వచ్చిన, రెండు నెలల లోపు వయసున్న దాదాపు తొమ్మిది వేల మంది పిల్లలను ఆరోగ్య కార్యకర్తలు ఒకసారి, పిల్లల వైద్యులు విడిగా మరోసారి చూశారు. పొడవైన లక్షణాల జాబితాలో చివరికి ఏడు నిలిచాయి. పాలు తాగలేకపోవడం, ఫిట్స్ రావడం, కదిలిస్తే తప్ప కదలకపోవడం, నిమిషానికి 60 లేదా అంతకుమించి శ్వాసలు, ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీ కింది భాగం బాగా లోపలికి పోవడం, ఒంటి వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండడం, 35.5 కంటే తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆస్పత్రికి పంపాలన్నది నియమం. మొదటి వారం పిల్లల్లో తీవ్రంగా జబ్బుపడినవారిలో 85 శాతం మందిని ఈ ఏడు గుర్తులూ పట్టుకున్నాయి. అంత జబ్బు లేనివారిలో 75 శాతం మందిని సరిగ్గా పక్కన పెట్టాయి. పట్టుకోలేకపోయిన 15 శాతం మాటా, అనవసరంగా పంపిన 25 శాతం మాటా మళ్లీ ఎత్తవలసి ఉంటుంది.

ఏడింటిలో ఇంటివాళ్లు అందరికన్నా ముందు గమనించగలిగేది పాలు తాగడం. చంటిబిడ్డ రోజంతా చేసే పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది అదే. చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం మూడూ ఒక లయలో కుదరాలి. అందుకు మెలకువ ఉండాలి, ఒంట్లో సత్తువ ఉండాలి, ఆయాసం ఉండకూడదు. లోపల ఏది చెడినా ముందు తప్పేది ఈ లయే. ఒక పూట కాస్త తక్కువ తాగడం వేరు. అప్పటిదాకా బాగా తాగిన బిడ్డ రొమ్ము అందించినా పట్టకపోవడం, రెండు గుక్కలకే అలసి వదిలేయడం, పాలవేళ దాటిపోయినా లేవకపోవడం వేరు. రాత్రంతా గుక్కపెట్టి ఏడ్చిన బిడ్డ ఉన్నట్టుండి ఊరుకుంటే ఇంట్లో అందరికీ ప్రాణం కుదుటపడుతుంది. నిజానికి గట్టిగా ఏడ్చి, ఎత్తుకోగానే ఊరుకుని పాలు తాగే బిడ్డ గురించి అంత భయం అక్కర్లేదు. ఏడుపు కూడా లేకుండా, లేపినా కళ్లు తెరవకుండా ఉండే బిడ్డ గురించే భయపడాలి. అలాంటి బిడ్డకు ఉగ్గుగిన్నెతో పాలు పోసి ‘తాగిందిలే’ అనుకుంటే గుర్తు మరుగున పడుతుంది, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పూ ఉంది.

ఒంటి వేడి విషయంలో మన అలవాటు పెద్దపిల్లలకు పనికివచ్చేదే గానీ చంటిపిల్లలకు కాదు. జ్వరం ఎక్కువైతే జబ్బు ఎక్కువ, తక్కువైతే తక్కువ అనుకుంటాం. రెండు నెలల లోపు బిడ్డకు పైన చెప్పిన 37.5 డిగ్రీలే హద్దు; ఆపైన మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ ఉంటే చాలు, మరే లక్షణమూ లేకపోయినా అదే రోజు డాక్టరు చూడాలి. ఎండాకాలంలో నాలుగు గుడ్డలు చుట్టితే ఒళ్లు వేడెక్కే మాట నిజమే. గుడ్డలు సడలించి, కాసేపు ఆగి థర్మామీటరుతో మళ్లీ చూడవచ్చు. అప్పటికీ తగ్గకపోతే పారాసిటమాల్ చుక్కలు వేసి ఎదురుచూడటం తగదు. మందుకు వేడి దిగుతుంది, ఇన్ఫెక్షన్ దిగదు. వేడి కంటే చలిని పట్టించుకునేవారు ఇంకా తక్కువ. అరికాళ్లు చల్లగా ఉండి పొట్ట వెచ్చగా ఉంటే బిడ్డకు చలిపెడుతోందని అర్థం. తల్లి గుండెలకు ఆనించుకుని కప్పితే సరిపోతుంది. పొట్ట కూడా చల్లబడి, వెచ్చచేసినా మారకపోతే అది జ్వరం కన్నా చెడ్డ గుర్తు.

శ్వాసను బిడ్డ ఊరుకుని ఉన్నప్పుడు పొట్ట మీద చూపు నిలిపి పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. పసిపిల్లలు కొన్ని శ్వాసలు గబగబా తీసి క్షణం ఆగడం మామూలే కనుక పావు నిమిషం లెక్కను నాలుగింతలు చేస్తే తప్పు వస్తుంది. 60 గానీ అంతకుమించి గానీ ఉంటే మళ్లీ ఒకసారి లెక్కించాలి. డొక్కలు ఎగరేయడం, ఊపిరి విడిచినప్పుడల్లా మూలగడం, నాలుక నీలంగా మారడం ఉంటే లెక్కతో పనిలేదు. రంగును చర్మం మీద కాక నాలుక, చిగుళ్ల మీద చూడాలి. చామనఛాయ పిల్లల్లో మరీను. కామెర్లు పుట్టిన మొదటి రోజే కనిపించినా, ఎప్పుడైనా అరచేతులకూ అరికాళ్లకూ పాకినా ఎండలో పడుకోబెట్టి ఆగకూడదు. ఆ పసుపు మెదడుకు చేరితే వినికిడి, కదలికలు శాశ్వతంగా దెబ్బతింటాయి.

రెండు నెలలు దాటాక హద్దులు కొంత మారతాయి. శ్వాసలకు హద్దు ఏడాది లోపు 50, ఆపైన 40. ఏమీ తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, మత్తుగా పడి ఉండటం అప్పటి ముఖ్యమైన గుర్తులు. విరేచనాల్లో కళ్లు లోతుకు పోవడం, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకోవడం కూడా అంతే. వాంతి ఆకుపచ్చగా వస్తే ఏ వయసులోనైనా పేగు మెలిపడిందేమోనని అనుమానించాలి; అది సర్జన్ చూడవలసిన కేసు. ఆరు నెలల తర్వాత కనిపించే ప్రతి జ్వరాన్నీ, ప్రతి విరేచనాన్నీ పళ్ల మీదికి నెట్టడం మన ఇళ్లలో మామూలు. పళ్లు వచ్చేటప్పుడు చొంగ, చిరాకు, ఒళ్లు రవ్వంత వెచ్చబడటం ఉండవచ్చు గానీ తీవ్రమైన జ్వరం, నీళ్ల విరేచనాలు వాటివల్ల రావు. పళ్లు వచ్చే కాలమూ, తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గి బిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకునే కాలమూ ఒకటే కావడం ఈ నమ్మకానికి మూలం.

ఇంత తక్కువ హద్దు పెడితే ఆస్పత్రులు నిండిపోతాయని, బాగున్న పిల్లలకు అక్కడే కొత్త ఇన్ఫెక్షన్లు అంటుకుంటాయని, అనవసరపు యాంటీబయాటిక్స్ పడతాయని ఆక్షేపణ ఉంది. కొట్టిపారేయదగినది కాదు. ఢిల్లీ ఆస్పత్రుల్లోని నవజాత శిశువులపై 2016లో వెలువడిన డెనిస్ అధ్యయనంలో మందులకు లొంగని బ్యాక్టీరియా చాలా ఎక్కువగా కనిపించింది. కానీ అది అవసరం లేని చికిత్సకు అడ్డుచెప్పే సాక్ష్యం, పరీక్షకు కాదు. చూపించి, ఏమీ లేదనిపించుకుని అదే పూట ఇంటికి వచ్చే 25 శాతం మందికి పోయేది డబ్బూ శ్రమా. కూలి పోగొట్టుకునేవారికి అదీ తక్కువేమీ కాదు. ఆగడం వల్ల తీవ్రమైన జబ్బు ముదిరితే పోయేది దానితో తూగేది కాదు.

‘చూడ్డానికి బాగానే ఉన్నాడు కదా’ అనేది రెండో ఆక్షేపణ. అమెరికాలో 1982లో రూపొందిన యేల్ పరిశీలనా కొలమానం సరిగ్గా ఈ వాలకాన్నే అంకెల్లో పెట్టింది. పెద్ద శిశువుల్లో కొంత పనికొచ్చినా, రెండు నెలల లోపు జ్వరం పిల్లల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్లను వదిలేసింది. మరి ఏ గుర్తుకూ చిక్కని 15 శాతం మందిని పట్టేదెవరు? కొందరినైనా తల్లి పట్టగలదు. ఇలాంటి అధ్యయనాలను 2010లో లాన్సెట్‌లో సమీక్షించినప్పుడు, ఈ జబ్బు ఎప్పటిలా లేదన్న తల్లిదండ్రుల ఆందోళన బలమైన హెచ్చరికగా తేలింది. తొలిచూలు తల్లి కంగారు అని దాన్ని తీసిపారేయడం శాస్త్రం కాదు.

అయితే పురిటి రోజుల్లో నిర్ణయం ఆమె చేతిలో ఉండదు. బిడ్డను బయటికి తీయకూడదన్న పట్టింపు ఉంటుంది, పుట్టింట్లో ఉంటే భర్తకు ఫోన్ చేసి అడగాలి. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ అనే వైద్య దంపతులు వైద్యాన్నే ఆ గడపలోకి పంపారు. శిక్షణ పొందిన ఊరి మహిళలు ఇంటికి వెళ్లి బిడ్డను చూసి చికిత్స ఇచ్చిన ఆ ప్రయోగంలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలన్న 2011 నాటి పథకానికి బాట వేసింది అదే. ఆమె వచ్చినప్పుడు ‘అంతా బాగానే ఉంది’ అని గుమ్మంలోంచే పంపేయకుండా గుడ్డలు విప్పి బిడ్డను చూడనివ్వాలి.

బయలుదేరాలని తేలాక సాంబ్రాణి పొగ, ముక్కులో నూనె, వాతలు వద్దు. బిడ్డను తల్లి ఒంటికి ఆనించి కప్పాలి. మింగగలిగితే దారిలోనూ పాలివ్వాలి; ఫిట్స్ వస్తున్నా, మత్తుగా ఉన్నా, వాంతి ఆకుపచ్చగా ఉన్నా నోట్లో ఏమీ పోయకూడదు. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఏడాది లోపు జబ్బు పిల్లలకు ప్రభుత్వాస్పత్రిలో చికిత్స, ప్రయాణం ఉచితం. 108కి ఫోన్ చేసినప్పుడే బిడ్డ వయసు రోజుల్లో చెప్పాలి. నెలలోపు బిడ్డయితే నవజాత శిశు ప్రత్యేక విభాగం ఉన్న ఆస్పత్రికి నేరుగా వెళ్లడం మేలు, అది సాధారణంగా జిల్లా ఆస్పత్రిలో ఉంటుంది. అక్కడ అడిగేవి ముందే గుర్తుపెట్టుకోవాలి: ఎన్ని నెలలకు పుట్టాడు, ఎంత బరువు, చివరిసారి సరిగ్గా పాలు తాగిందెప్పుడు, ఒంటికి పోసిందెప్పుడు, ఇంట్లో ఏ మందు ఎంత వేశారు.