పాత కెమెరాలు - పాతబస్తీ కారీగర్లు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు, కోటలను గురించీ నవాబులను గురించీ రాసేంత పాండిత్యం నాకు లేదని మనవి చేశాను. "మీకు తెలిసిన దాని చరిత్రే రాయండి" అన్నారాయన. ముప్పైనాలుగేళ్ళు ఇంజనీరింగు శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా గీతలు గీసిన నాకు ఆ గీతల తరువాత తెలిసినది ఒక్క కెమెరాయే. కనుక ఫిలిము కెమెరాలను గురించీ, వాటిని బాగుచేస్తూ వచ్చిన పాతబస్తీ చేతులను గురించీ నాలుగు మాటలు రాస్తున్నాను.

హైదరాబాదులో ఫొటోగ్రఫీ అనగానే ముందుగా తలచుకోవలసిన పేరు రాజా దీన్‌దయాళ్. ఆయన కూడా మనలాంటి ఉద్యోగే అన్న సంగతి చాలామందికి తెలియదు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరులో ప్రజాపనుల శాఖలో చేరారు. అక్కడ హెడ్ ఎస్టిమేటరు, డ్రాఫ్ట్స్‌మన్ అయ్యారు. ఫొటోలు తీయడం ఉద్యోగం చేస్తూ నేర్చుకున్నదే. 1880ల మధ్యలో హైదరాబాదు వచ్చి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. 1887లో ప్రభుత్వోద్యోగం నుంచి విరమించుకుని పూర్తికాలం ఈ పనిలోకే దిగారు. 'రాజా ముసవ్విర్ జంగ్' అన్న బిరుదు నిజాం ప్రభువు ఇచ్చినదే. 1905లో ఆయన కన్నుమూశారు. ఆయన గాజు పలకల నెగెటివులు 2,857 నేటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

దీన్‌దయాళ్ కాలపు కెమెరాలో ఏముందని చూస్తే, కొయ్యపెట్టె, తోలుతో చేసిన ముడతల తిత్తి, ఇత్తడి గొట్టంలో గాజు కటకాలు. అంతే. లెన్సు మీది మూత చేత్తో తీసి, లెక్కపెట్టి, మళ్ళీ పెట్టేవారు. అటువంటి కెమెరా పాడైతే వడ్రంగి, తోలుపనివాడు, ఇత్తడి పనివాడు ముగ్గురూ చాలు. మన ఊళ్ళో ఆ ముగ్గురికీ ఏనాడూ కొరత లేదు.

20వ శతాబ్దంలో కథ మారింది. 1925లో జర్మనీలో లైకా కెమెరా, 1929లో రోలైఫ్లెక్సు అమ్మకానికి వచ్చాయి. కెమెరా చిన్నదై చేతిలో ఇమిడింది. దాని లోపలికి గడియారం వచ్చి కూర్చుంది. ఇది ఉపమానంగా అంటున్న మాట కాదు. బ్యాటరీ లేని కెమెరాలో షట్టరు తెరుచుకునేది స్ప్రింగు బలంతో. ఒక సెకను, అర సెకను వంటి నెమ్మది వేగాలను నిర్ణయించేది సన్నని పళ్ళచక్రాల వరస. గోడ గడియారంలో చక్రాన్ని పట్టి పట్టి వదిలే అమరిక ఎటువంటిదో ఇదీ అటువంటిదే. ఒక సెకను పెట్టి మీట నొక్కితే 'జర్ర్' మని వినిపించేది ఆ చక్రాల చప్పుడే.

అందుచేత కెమెరా మరమ్మతు గడియారాల కారీగర్ల చేతికి రావడం సహజం. పాతబస్తీలో గడియారాలకు ఉన్న స్థానం మీకు తెలియనిది కాదు. మహబూబ్ చౌక్ గడియార స్తంభం 1892 నాటిది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు మనమందరం పిల్లలను చంకన వేసుకుని నిలబడ్డవాళ్ళమే. 1908 మూసీ వరద తరువాత నగరాన్ని తీర్చిదిద్దేటప్పుడు కట్టిన పత్తర్‌గట్టి రాతి కమానుల కింద, ఆ చుట్టుపక్కల సందుల్లో, కంటికి భూతద్దం బిగించుకుని చిమ్టాతో పనిచేసే మనుషులను చూస్తూనే పెరిగాం.

స్వాతంత్ర్యం తరువాత విదేశీ వస్తువుల దిగుమతి మీద కట్టుబాట్లు వచ్చాయి. మధ్యతరగతివారికి అందుబాటులో ఉన్నది బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ. 120 సైజు ఫిలిముతో 12 బొమ్మలు. మంచి కెమెరా కావాలంటే విదేశాల నుంచి వచ్చేవారి పెట్టెలో రావలసిందే. 1970ల నుంచి పాతబస్తీ కుర్రవాళ్ళు గల్ఫు దేశాలకు వెళ్ళడం పెరిగాక, టూ-ఇన్-వన్ రేడియోలతోపాటు యాషికా కెమెరాలు కూడా వచ్చాయి. కెమెరాలైతే వచ్చాయి గానీ వాటి విడిభాగాలు రాలేదు. ఇక్కడే మన కారీగర్ల గొప్పతనం బయటపడింది. విరిగిన మీటను ఇత్తడి రేకుతో మళ్ళీ చేశారు. అరిగిన చక్రానికి బదులు మరో చచ్చిన కెమెరా నుంచి చక్రం తీసి వేశారు. షట్టరు వేగం కొలిచే యంత్రం లేకపోతే వెనుక మూత తెరిచి పాత టీవీ తెర వైపు పెట్టి, మీట నొక్కినప్పుడు కనిపించే వెలుగు పట్టీ వెడల్పును బట్టి వేగం అంచనా కట్టేవారు. లేమి నేర్పిన విద్య ఇది.

ఇప్పుడు నా సొంత సంగతి కొంచెం చెప్పక తప్పదు. మా అన్నయ్యా నేనూ 1980లో, కువైట్‌లో పనిచేసే మిత్రుడి ద్వారా, యాషికా మ్యాట్ 124జి కెమెరాలు చెరొకటి తెప్పించుకున్నాం. పైన ఒక లెన్సు చూడటానికి, కింద ఒకటి బొమ్మ తీయడానికి. రెండు ఇళ్ళలోనూ పెళ్ళిళ్ళు, అక్షరాభ్యాసాలు, పుష్కరాల ప్రయాణాలు అన్నీ వాటిలోనే. 2015లో అన్నయ్య పోయాడు. కొన్నాళ్ళకు నా కెమెరా చేతిపిడి తిరగడం మానేసింది. ఒక దుకాణంలో ఇస్తే మూడు నెలలు ఉంచుకుని, మరల తలలు అరగదీసి, "దీనికి పార్టులు రావు" అని తిరిగి ఇచ్చారు.

మూడేళ్ళ క్రితం ఒక మిత్రుడు చెప్పగా పత్తర్‌గట్టి వెనుక సందులో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. తండ్రి గడియారాల కారీగర్. ఈయన ఆ బల్ల మీదే కెమెరాలు నేర్చుకున్నారు. నా కెమెరా విప్పి చూసి, "సాబ్, తిప్పే చక్రం పళ్ళు అరిగిపోయాయి. దీన్ని నేను చేయలేను. ఇలాంటిదే మరొకటి ఉంటే దాన్నుంచి తీసి వేస్తాను" అన్నారు.

మరొకటి ఉంది. అన్నయ్యది. తోలు సంచిలోనే ఏళ్ళ తరబడి ఉండిపోవడం వల్ల దాని లెన్సు అద్దాన్ని బూజు తినేసింది. తుడిస్తే పోయే దశ దాటిపోయింది. కానీ తిప్పే చక్రాలు బాగానే ఉన్నాయి. అది వదిన దగ్గర దేవుడి గూటి పక్క అలమారులో ఉంటుంది. అన్నయ్య వస్తువును విప్పి ముక్కలు చేయమని ఎలా అడగడం? రెండు వారాలు వాయిదా వేశాను. చివరికి అడిగాను. వదిన కాసేపు ఆ సంచిని చేత్తో నిమిరి, "మీ అన్నయ్య కళ్ళే దానం ఇచ్చి వెళ్ళారు. ఇది ఒక లెక్కా? తీసుకెళ్ళు బాబూ. కానీ ఆ ఖాళీ పెట్టె మాత్రం నాకు తెచ్చి ఇయ్యి" అంది.

ఆ పెద్దాయన రెండు కెమెరాలూ పక్కపక్కన పెట్టి నాలుగు రోజులు పనిచేశారు. చక్రాలు మార్చారు. ఎండిపోయిన పాత గ్రీజు కడిగి, షట్టరు రేకులను పొడిగా ఉంచి, చక్రాల ఇరుసులకు మాత్రం సూదిమొనతో చుక్కలో పదోవంతు నూనె అద్దారు. వెనుక గరుకు అద్దం పెట్టి దూరపు మినారును చూస్తూ ఫోకసు సరిచేశారు. నా చేతికిచ్చి, చెవి దగ్గర పెట్టుకుని ఒక సెకను వినమన్నారు. 'జర్ర్' మంది. వదినకు ఖాళీ పెట్టె ఇచ్చాను. మొదటి ఫిలిములో మొదటి బొమ్మ ఆమెదే.

ఆయనకు శిష్యులు లేరు. కొడుకు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. అందులో తప్పేమీ లేదు, ఇల్లు గడవాలి కదా. కానీ ఆ బల్ల ఖాళీ అయిన నాడు ఇటువంటి కెమెరాలకు ఆయుష్షు పోసే చెయ్యి ఒకటి తగ్గుతుంది.

ఇది ఒక్క హైదరాబాదు చింత కాదు. 2020లో నికాన్ కంపెనీ తన చివరి ఫిలిము కెమెరా ఎఫ్6ను ఆపేసింది. ఊటీలో 'ఇందు' ఫిలిము చేసిన మన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ ఖాయిలాపడి మూతపడింది. కానీ విచిత్రం చూడండి. ఫిలిము మీద యువతకు మళ్ళీ మక్కువ పుట్టింది. కోడాక్, ఇల్ఫర్డు ఫిలిములు ఇప్పటికీ తయారవుతున్నాయి. జపానులో పెంటాక్సు వారు కొత్తగా ఫిలిము కెమెరా చేయాలని 2022లో తలపెట్టినప్పుడు, చేత్తో ఫిలిము తిప్పే మీటను ఎలా కట్టాలో నేటి ఇంజనీర్లకు అనుభవం లేకపోయింది. పదవీ విరమణ చేసిన పాత ఇంజనీర్లను కూడా సంప్రదించి నేర్చుకున్నారు. ఆ కెమెరా 2024లో బజారుకు వచ్చింది. విశ్రాంత ఉద్యోగులుగా మనం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ప్లాను కాగితం మీద ఉంటే ఉండవచ్చు గాని చేతిలోని ఒడుపు మనిషి దగ్గరే ఉంటుంది. ఆ మనిషి ఉండగా అడిగి తెలుసుకోవాలి.

చివరగా సభ్యులకు కొన్ని మనవులు. మీ బీరువాలో పాత కెమెరా ఉంటే తోలు సంచిలోంచి తీసి గాలి తగిలేచోట, తేమ పీల్చే సిలికా పొట్లంతో ఉంచండి. బ్యాటరీ ఉంటే తీసేయండి. నెలకోసారి అన్ని వేగాలలోనూ మీట నొక్కండి. బిగుసుకుంటే బలవంతం చేయవద్దు. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె అసలే పోయవద్దు. ఇక బాగుపడదని తేలినా పాత సామాన్లవాడికి తూకానికి వేయవద్దు. తెలిసిన కారీగర్ ఎవరైనా ఉంటే ఆయన బల్ల మీద పెట్టి రండి. దాని చక్రం మరెవరి ఇంట్లోనో తిరుగుతుంది. మీ మనుమలలో ఓపిక గలవారు ఎవరైనా ఉంటే వెంట తీసుకువెళ్ళి ఒక పూట ఆ పని చూపించండి.

మా ఇంట్లో ప్రతి ఉగాదికీ వదిన ఆ కెమెరా ముందు కూర్చుంటుంది. చేతిపిడి తిప్పేటప్పుడు తిరిగే చక్రం అన్నయ్యదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఇంతకు మించి నేను రాయగల చరిత్ర లేదు. సెలవు.