గెజిట్‌లో ఆంక్ష, రోడ్డుపై బోర్డు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని సంఘం వారు కోరగా, రాజుల సంగతి కాక మనం రోజూ దాటే రోడ్డు సంగతి రాస్తున్నాను.

మా బాన్సువాడ ప్రాంతానికి నీరిచ్చే నిజాంసాగర్ 1931లో పూర్తయింది. మరుసటి ఏడు జూన్‌లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ ప్రారంభించారు. అంతవరకు రోడ్డు ఎడ్లబండ్లది, నడిచేవారిది. మోటారు వచ్చాక నడిచేవాడే పక్కకు తప్పుకోవలసి వచ్చింది.

1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలైంది. అందులోని 115వ సెక్షన్ ప్రకారం ప్రజల భద్రత కోసం ఏ రోడ్డులోనైనా వాహనాలను నిషేధించవచ్చు, ఆంక్ష పెట్టవచ్చు. అయితే పెట్టినప్పుడు తగిన చోట బోర్డు కూడా పెట్టించి తీరాలి. గెజిట్ ప్రతిని ఫైలులో కట్టడంతోనే పని అయిపోయిందనుకొనే కార్యాలయాలను నా సర్వీసులో చూశాను. బోర్డు ఎక్కడ నిలిపారో ఫైలులో కాగితం ఉండేది కాదు!

నెల రోజులకు మించని ఆంక్షకు గెజిట్ కూడా అక్కరలేదు, స్థానికంగా ప్రచారం చేయాలి అంటుంది అదే సెక్షన్. మా చిన్నతనంలో డప్పు చాటింపు చేసిన పని అదే. చదువు రాని ముసలమ్మకు కూడా కబురు అందేది.

బోర్డులు ఎక్కువగా డ్రైవరు కోసమే. ఎర్ర వలయం ఆజ్ఞ, ఎర్ర అంచు త్రికోణం హెచ్చరిక. నడిచే మనిషి బొమ్మ ఉన్న త్రికోణం సైతం హెచ్చరించేది డ్రైవరునే. 1989 నాటి రోడ్డు నిబంధనలు మాత్రం సిగ్నలు, పోలీసు లేని జీబ్రా గీతల వద్ద ముందు హక్కు పాదచారిదే అన్నాయి. ఫుట్‌పాత్ పాదచారుల హక్కని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది.

మన వయసువారికి అసలు చిక్కు కొత్త వన్‌వేతో వస్తుంది. నలభై ఏళ్లుగా ముందు కుడివైపు చూసి అడుగు వేసిన అలవాటు ఒక్క రోజులో పోదు. బండి ఎడమ నుంచి వస్తుంది. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకు బయలుదేరిన మనిషికి ఆ సంగతి చెప్పేదెవరు? దాటే చోట, కంటి ఎత్తున, తెలుగులోను ఉర్దూలోను పెద్ద అక్షరాలతో బోర్డు ఉండాలి. ఫ్లెక్సీల వెనుక దాగిన బోర్డు ఉన్నా లేనట్లే.

కనుక ఇకమీదట ఆంక్షలు మారినప్పుడు సంఘం తరఫున అర్జీ పెడదాం. అందులో 115వ సెక్షన్‌ను పేర్కొని, బోర్డు ఏ తేదీన, ఎక్కడ నిలిపారో రాతపూర్వకంగా తెలుపమని కోరుదాం. ముసాయిదా నేను రాసి ఇస్తాను.